దొర కచేరీ, దొంగ కావలి

అంతరిక్ష సినిమాలు చూసే కుర్రకారుకు కొరెల్లియా అనే గ్రహం పేరు కొత్త కాదు. స్టార్ వార్స్ కథల్లోని ఊహాగ్రహం అది. 2018లో వచ్చిన ‘సోలో’ సినిమా అక్కడే మొదలవుతుంది. సామ్రాజ్యానికి ఓడలు కట్టిపెట్టడం ఆ గ్రహం పని. ఆ కార్ఖానాల పక్కన మురికివాడలు, ఆ వాడల్లో దిక్కులేని పిల్లల్ని పోగేసి దొంగతనాలకు పంపే ముఠాలు. ఆ బతుకు వద్దనుకుని ఒక అబ్బాయీ అమ్మాయీ రేవు దాకా పారిపోయి వస్తారు. గేటు దగ్గర సామ్రాజ్యపు ఉద్యోగి చేతిలో లంచం పెడతారు. అబ్బాయి దాటతాడు, అమ్మాయి ముఠాకు చిక్కుతుంది. దాటిన అబ్బాయి తల దాచుకోవడానికి చూస్తే కనిపించినది ఒకటే: అదే సామ్రాజ్యపు సైన్యంలో భర్తీ.

సినిమా ముందుకు ఉరుకుతుంది గానీ, చూసేవాడికి ఒక ప్రశ్న మిగులుతుంది. గ్రహాలకు గ్రహాలనే గుప్పిట్లో పెట్టుకున్న సామ్రాజ్యానికి సందులో ముఠాను అణచడం ఎంతసేపు? మరి ఎందుకు అణచదు? రాజ్యం ఒకవైపు, దొంగలు ఒకవైపు అని మనం చిన్నప్పటి నుంచీ విన్న కథల్లో ఈ ప్రశ్నకు జవాబు దొరకదు.

దానికోసం చుక్కల్లోకి పోనక్కర్లేదు. ఎమ్మిగనూరులో ఆదోని బస్సెక్కితే చాలు. ఆదోని కొండల మీద పాడుబడిన కోటగోడలు కనిపిస్తాయి. ఈ గోడలకీ, చుట్టుపక్కల పల్లెల్లో అక్కడక్కడా ఇంకా నిలబడి ఉన్న మట్టి బురుజులకీ మధ్య జరిగిన కథే మన కొరెల్లియా. సుమారుగా 1780 నుంచి 1860 దాకా, ఎనభై ఏళ్ల కథ.

ఆదోని విజయనగర రాజులకు కీలకమైన కోట. 1565లో రక్కసి తంగడి యుద్ధం తర్వాత కొద్ది ఏళ్లకే బిజాపూరు సుల్తానుల పాలయింది. బిజాపూరు పాలన చివరి రోజుల్లో దీన్ని ఏలినవాడు సిద్ది మసూద్ ఖాన్. ఆదోని జామా మసీదు కట్టించింది ఆయనే. రాఘవేంద్రస్వామికి మంచాల గ్రామం, అంటే ఇప్పటి మంత్రాలయం, ఇచ్చింది కూడా ఆయనేనని మఠం సంప్రదాయం చెబుతుంది. తర్వాత ఔరంగజేబు వచ్చాడు, ఆ తర్వాత నిజాము. నిజాం తమ్ముడు బసాలత్ జంగ్‌కు ఆదోని జాగీరు. ఆయన 1782లో చనిపోయాడు. 1786లో టిప్పు సుల్తాను ముట్టడించి కోటను పట్టుకుని గోడలు పడగొట్టించాడు. మళ్లీ నిజాం చేతికొచ్చింది. 1792లో, 1799లో మైసూరు యుద్ధాల్లో ఇంగ్లీషువాళ్లతో కలిసినందుకు నిజాముకు వాటాగా వచ్చిన తుంగభద్ర దక్షిణపు నేలంతా ఆయన దగ్గర ఎక్కువ కాలం నిలవలేదు. హైదరాబాదులో కాపలాకు పెట్టుకున్న కంపెనీ పటాలాల జీతానికి బదులుగా 1800 అక్టోబరు 12న ఒడంబడిక రాసి ఆ నేలను కంపెనీకి అప్పజెప్పాడు. బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలులో చాలా భాగం ఇలా చేతులు మారాయి. దత్త మండలాలు అన్నారు. ఇవాళ మనం రాయలసీమ అంటున్నదాంట్లో చాలా భాగం ఇదే. ఆదోని, ఎమ్మిగనూరు అప్పుడు బళ్లారి వైపు పోయాయి, 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా అక్కడే ఉన్నాయి.

ఇన్ని చేతులు మారినప్పుడు పల్లెలో ఏం జరుగుతుంది? పైన ఎవరున్నా శిస్తు కట్టేవాడు మాత్రం ఆ రైతే. నిన్న ఒకరికి కట్టాడు. ఇవాళ మరొకడు వచ్చి నిన్నటిది చెల్లదు పొమ్మంటాడు. ఏడాది తిరిగేసరికి తను ఇక్కడ ఉంటాడో లేడో తెలియని అధికారి, ఈ ఏడాదే పిండుకుందామనుకుంటాడు. ఊరివాళ్లు గోడ కట్టుకుని, బురుజు లేపుకుని, ఎవడొచ్చినా ముందు తలుపు మూసుకోవడం నేర్చుకున్నారు. ఆ మధ్య ఖాళీలో పెరిగినవాళ్లే పాళెగాళ్లు.

ఇక్కడ కాస్త నిదానించాలి. మన కథంతా ఈ పాళెగాడి లెక్కలోనే ఉంది.

పాళెగాళ్లు ఊరూపేరూ లేని దొంగలు కారు. చాలామంది విజయనగరం నాటి నాయకుల వారసులు. చెరువులు తవ్వించినవాళ్లున్నారు, గుళ్లు నిలబెట్టినవాళ్లున్నారు. పై రాజు బలంగా ఉంటే పేష్కషు, అంటే కప్పం, కడతారు, యుద్ధానికి మనుషుల్ని పంపుతారు. బలహీనపడితే మానేస్తారు. పాళెగాడి ఆదాయం రెండు తీర్లు. తన కింద ఉన్న ఊళ్ల శిస్తు ఒకటి. కావలి రుసుము రెండోది. ఊరి లోపలి కావలి తలారిది, ఊళ్ల మధ్య బయలుకు, బాటలకు, పంటకు, మందకు కావలి పాళెగాడిది. అందుకు ఊరు ఏడాదికింత అని చెల్లించుకోవాలి. షరతు కూడా గట్టిదే. దొంగతనం జరిగితే సొమ్ము పట్టి ఇవ్వాలి, పట్టలేకపోతే ఆ విలువ కావలివాడే కట్టాలి. వినడానికి ఇప్పటి బీమా పాలసీ కంటే మేలుగా ఉంది.

చిక్కేమిటంటే, కావలి వద్దనుకున్న ఊరి మంద రాత్రికి రాత్రి మాయమయ్యేది. కళ్లంలో గడ్డివాము అంటుకునేది. ఆ పని చేసేది వేరే ఎవరో కాదు, కావలి కాస్తామని మర్నాడు బేరానికొచ్చే మనుషులే. కనుక రైతు కట్టేది దొంగల నుంచి కాపాడినందుకా, కాపాడేవాడు దొంగగా మారకుండా ఉన్నందుకా అంటే రెండూ అనాలి. పక్కపక్కన ఇద్దరు పాళెగాళ్లుంటే ఇద్దరికీ కట్టాలి. వాళ్లిద్దరూ కొట్టుకుంటే నడుమ ఊరు కాలాలి. సిసిలీలో మాఫియా పెరిగిన తీరు కూడా ఇదేనని అక్కడి చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. నిమ్మతోటలకు కావలి కాసే మనుషులే తోటల్ని గుప్పిట్లో పెట్టుకున్నారట. రాజ్యం తన పని తాను చేయని చోట ఆ పనిని ఎవడో ఒకడు ఎత్తుకుంటాడు, ధర కూడా వాడే చెబుతాడు.

మరి నవాబో నిజామో ఎందుకు ఊరుకున్నారు? వాళ్లకు అదే చవక. వందల ఊళ్లలో సొంత బంట్రోతుల్ని పెట్టి జీతాలిచ్చే బదులు పాళెగాడితో ఇంతకని మాట్లాడుకుంటే పని అయిపోతుంది. కట్టినంత కాలం వాడు సంస్థానాధీశుడు. కట్టడం మానిన మర్నాడు దోపిడీదారు. మనిషి అదే, చేసే పనీ అదే.

1800లో కంపెనీ వచ్చాక ప్రిన్సిపల్ కలెక్టరుగా థామస్ మన్రోను పంపింది. ఆయన లెక్క ప్రకారం దత్త మండలాల్లో ఎనభైమంది పాళెగాళ్లు, వాళ్ల కింద సుమారు 30,000 మంది ఆయుధాలు పట్టిన బంట్లు. జనరల్ డుగాల్డ్ క్యాంబెల్ పటాలంతో వెంట ఉన్నాడు. ఒకటిన్నర రెండేళ్లలో కోటలు పడగొట్టారు, కొందరిని తరిమారు, కొందరిని ఖైదు చేశారు, కొందరికి పింఛను ఇచ్చి కూచోబెట్టారు. మన్రో చేయి మరీ బరువుగా పడిందని లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లే అభ్యంతరం చెప్పారు. మన్రో వెనక్కి తగ్గలేదు. ఆయన కింద ఆదోని వైపు చూసిన అసిస్టెంటు విలియం థాకరే. ఇంగ్లీషు నవలాకారుడు థాకరేకు పెదనాన్న.

ఇంతవరకు చెబితే ఇది దొంగల్ని అణచి శాంతి నెలకొల్పిన కథలా ఉంటుంది. మన పాఠ్యపుస్తకాలు చాలాకాలం అలాగే చెప్పాయి. తెర్నేకల్లు సంగతి వింటే ఆ మాట అంత సులువుగా అనలేం.

దేవనకొండ దగ్గరి ఊరు తెర్నేకల్లు. పాళెగాడి ఊరు కాదు, మామూలు రైతుల ఊరు, గోడ మాత్రం గట్టిది. 1801లో శిస్తు వసూలు దగ్గర గొడవ ముదిరింది. వసూలుకొచ్చిన కంపెనీ ఉద్యోగి ప్రాణం పోయింది. ఊరు తలుపులు మూసుకుంది. జనం ఈ కథ చెప్పుకునేటప్పుడు ముందు నిలబడ్డ పెద్దమనిషి పేరు ముత్తుకూరు గౌడప్ప అంటారు. డిసెంబరులో పటాలం వచ్చింది. మొదటి దాడి విఫలమైంది. మైసూరు యుద్ధాలు చూసివచ్చిన సిపాయిలు ఒక పల్లె గోడ ఎక్కలేక వెనుదిరిగారు. క్యాంబెల్ స్వయంగా వచ్చాడు. అప్పుడూ గోడ లొంగలేదు. చివరికి పెద్ద ఫిరంగులు తెప్పించి గోడకు గండి కొట్టి లోపల పడ్డారు. లోపలున్నవాళ్లలో బతికి బయటపడ్డవాళ్లు తక్కువ. ఊరిపెద్దను ఉరితీశారు.

తెర్నేకల్లువాళ్లు ఎవరి మందా తోలుకుపోలేదు, ఎవరినీ బాటలో కొట్టలేదు. అయినా పాళెగాళ్ల మీదికి వెళ్లిన ఫిరంగులే ఈ ఊరి మీదికీ వచ్చాయి. ఎందుకంటే కంపెనీ దృష్టిలో తప్పు దోపిడీ కాదు, కట్టకపోవడం. పాళెగాళ్ల మీద దాని కోపం కూడా వాళ్లు జనాన్ని పిండుతున్నారని కాదు. తనకు రావాల్సింది దారిలో ఆగిపోతోందని.

ఎంత రావాలి? అది తేల్చడానికి మన్రో సర్వే మొదలుపెట్టాడు. 33 అడుగుల గొలుసు తయారుచేయించి పొలం పొలం కొలిపించాడు. ఆ గొలుసు ఇటొకటి అటొకటి వేస్తే 1,089 చదరపు అడుగులు. అలాంటివి నలభై అయితే సరిగ్గా ఎకరం. ఇవాళ్టికీ వినిపించే గుంట లెక్క ఇదే. సర్వే ఏళ్ల తరబడి సాగింది. కొలిచాక నేల తరగతులు, తరగతికింత శిస్తు. ఆ శిస్తు సగటున మొత్తం పంటలో నూటికి 45 వంతుల దాకా ఉందని మన్రోయే ఒప్పుకున్నాడు. ఖర్చులు పోగా మిగిలినదాంట్లో కాదు, మొత్తం పండినదాంట్లో. ఎద్దులు, విత్తనం, కూలి అన్నీ మిగతా 55లోంచే తీయాలి. ఆదోని నల్లరేగడిలో జొన్నా పత్తీ వేసే రైతుకు మూడేళ్లలో ఒక ఏడు వాన ఎగ్గొడుతుంది. శిస్తు మాత్రం ఎగ్గొట్టడానికి వీల్లేదు.

1800లో సుమారు 10 లక్షల వరహాలున్న రాబడి మన్రో దిగిపోయే 1807కల్లా 15 లక్షల వరహాలకు పెరిగింది. ఏడేళ్లలో ఒకటిన్నర రెట్లు. లండన్ సంతోషించింది. పోయేముందు మన్రో ఒక సిఫారసు రాశాడు: ఈ శిస్తు మోయరానిది, నూటికి 25 తగ్గించండి అని. ఎవరూ వినలేదు. మూడేళ్లకోసారి, ఆపైన పదేళ్లకోసారి ఊళ్లను గుత్తకిచ్చే పద్ధతి తెచ్చారు. గుత్తకు తీసుకున్నవాళ్లు చాలామంది దివాలా తీశారు. మన్రో తనే 1820లో మద్రాసు గవర్నరై తిరిగొచ్చాక గానీ ఆ తగ్గింపు అమలుకు రాలేదు.

మన్రో గురించి మనవైపు రెండు మాటలు వినిపిస్తాయి. మంత్రాలయంలో మఠం మాన్యం విచారణకు వెళ్తే బృందావనంలోంచి స్వామి ఆయనతో మాట్లాడారన్నది ఒకటి, గెజిటీరులో కూడా ఎక్కింది. పేదల దొర, గుడారంలో కాపలా లేకుండా పడుకునేవాడు, తెలుగు తెలిసినవాడు అన్నది రెండోది. 1827లో ఇదే సీమకు చివరిసారి వచ్చి జులై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. మంచివాడే అనుకుందాం. ఈ కథలో నాకు ఎక్కువ భయం కలిగించేది కూడా అదే. లంచం ముట్టని, రైతుతో నేరుగా మాట్లాడిన, శిస్తు ఎక్కువని తెలిసిన అధికారి చేతిలో కూడా ఆ ఏడేళ్లూ అంతే వసూలైంది. ఆయన తర్వాత వచ్చినవాళ్లు ఆయనంత మంచివాళ్లు కారు.

పాళెగాళ్లు పోయారు, వాళ్ల మనుషులు పోలేదు. కత్తి తప్ప వేరే పని రానివాళ్లు, కావలి రుసుము మీద బతికినవాళ్లు వేలమంది. కట్టుబడి బంట్లు అని కొందరికి చిన్న చిన్న ఇనాం భూములుండేవి, ఊరికీ అధికారులకూ బంట్రోతు పని చేసినందుకు. కొన్నాళ్లకు ఆ ఇనాములనూ వెనక్కి లాక్కోవడం మొదలైంది. 1846లో కోవెలకుంట్ల ప్రాంతంలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి లేచినప్పుడు వెనక నిలిచినవాళ్లలో ఇలాంటి కట్టుబళ్లు చాలామంది. నరసింహారెడ్డి కూడా పాళెగాళ్ల వంశమే. తాతలనాటి పాళెం బదులు ఆయన చేతికొచ్చేది నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసల పింఛను. కోవెలకుంట్ల ఖజానా మీద పడ్డారు, తహసీల్దారును చంపారు. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఆయన్ను ఉరితీసి తలను కోటగుమ్మానికి కట్టారు. ముప్పై ఏళ్లు అలాగే ఉంచారు. కంపెనీ కాగితాల్లో ఆయన బందిపోటు. పల్లె పాటల్లో వీరుడు. ఆయన్ను ఏమని పిలవాలన్న తగాదాకు నేను దిగను. ఖజానా కొట్టినవాడి తలను ముప్పై ఏళ్లు వేలాడదీసిన రాజ్యం, అదే ఖజానాకు సొమ్ము ఎలా చేరుతోందో మాత్రం ఎన్నడూ వాకబు చేయలేదు.

అది ఎలా చేరేదో చూద్దాం. 1816లో మద్రాసు ప్రభుత్వం ఒక రెగ్యులేషన్ చేసింది. పోలీసు పనిని ఊళ్లో రెడ్డికి, తాలూకాలో తహసీల్దారుకు, జిల్లాలో కలెక్టరుకు అప్పజెప్పింది. ఖర్చు కలిసొస్తుంది, పాత గ్రామ పద్ధతికి దగ్గరగానూ ఉంటుంది అని వాదన. ఫలితమేమిటంటే, శిస్తు వసూలు చేసేవాడూ, నేరం జరిగితే పట్టుకునేవాడూ, కొట్టారని ఫిర్యాదు వస్తే తీసుకునేవాడూ ఒకడే అయ్యాడు. తహసీల్దారు బంట్రోతు నిన్ను ఎండలో నిలబెట్టాడనుకో, ఆ సంగతి చెప్పుకోవడానికి నువ్వు వెళ్లాల్సింది తహసీల్దారు కచేరీకే. దాన్ని దాటి కలెక్టరు దగ్గరికి పోదామంటే రోజుల నడక. ఈలోగా పొలం ఎవరు చూస్తారు, ఇంట్లోవాళ్లకు ఎవరు అండ?

అటువైపు నుంచి చూస్తే తహసీల్దారు బాధ తహసీల్దారుది. జమాబందీలో, అంటే ఏడాది శిస్తు లెక్కలో, తేలిన మొత్తం కిస్తీల్లోగా ఖజానాకు పంపకపోతే ఉద్యోగం ఉండదు. వాన పడలేదంటే పైవాడు వినడు. జీతం చాలదు. పేష్కారూ, గుమాస్తాలూ, బిల్ల బంట్రోతులూ అందరూ మామూళ్ల మీద బతుకుతారు. పైకి పోయే పైకం మీద పై అధికారి కన్ను ఉంటుంది, దారిలో జేబుల్లోకి పోయేదాన్ని చూసేవాడు లేడు. అందుకని రైతు మీద రెండు శిస్తులు పడతాయి, రాసిందొకటి, రాయనిది ఇంకొకటి.

రైతుతో ఆగలేదు. మొహతర్ఫా అని చేతివృత్తుల మీద పన్ను ఉండేది. మగ్గానికింత, అంగడికింత, పనిముట్టుకింత. ఆదోని జంపఖానాలు నేసేవాళ్లయినా, ఎమ్మిగనూరు వైపు మగ్గం మనిషయినా నేతకు కూచున్నా కూచోకపోయినా మగ్గం ఉన్నందుకు కట్టాలి. అది 1860ల మొదట్లో గానీ పోలేదు. పన్ను పోయినా నేతగాడి మీద షావుకారు పట్టు పోలేదు. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో చేనేతల సహకార సంఘం పెట్టేదాకా ఆ కథ సాగింది. దాని సంగతి వేరే రాయాలి.

కట్టలేనివాడి చేత కట్టించడానికి కచేరీల్లో ఉన్న సామాను పెద్దదేమీ కాదు. రెండు కర్రలు, ఒక కొసన కలిపి కట్టినవి. వాటి మధ్య వేళ్లు పెట్టించి రెండో కొస నొక్కుతారు. తెలుగు పల్లెల్లో దాన్ని చీరట అనేవారని ప్రభుత్వ నివేదికే రాసింది. ఇంకో పద్ధతికి కర్రలు కూడా అక్కర్లేదు. మనిషి తలను మోకాళ్లకు ఆనేలా వంచి మెడకూ కాళ్లకూ తాడు కట్టి, వీపు మీద రాయి పెట్టి మధ్యాహ్నపు ఎండలో ఉంచుతారు. తాడూ రాయీ ఎక్కడైనా దొరుకుతాయి, మచ్చ మిగలదు, మనిషి చావడు. బాకీ రూపాయా రెండు రూపాయలా అన్నదానితో నిమిత్తం లేదు. ఒకణ్ని చావడి ముందు అలా ఉంచితే మిగతా ఊరు సాయంత్రానికల్లా నగో నట్రో కుదువ పెట్టి తెచ్చి కడుతుంది. పాళెగాడు గడ్డివాము కాల్చి చెప్పిన మాటనే కచేరీ ఇలా చెప్పింది. వాము కాలిన ఊరు కనీసం పై రాజుకు మొరపెట్టుకోవచ్చు. ఇక్కడ పై రాజు మనిషే రాయి పెట్టిస్తున్నాడు.

ఈ సంగతి బయటపడటం వెనక ఒక తెలుగువాడున్నాడు. మద్రాసులో బట్టలు, నీలిమందు వ్యాపారం చేసిన గాజుల లక్ష్మీనరసు చెట్టి. 1844లో క్రెసెంట్ అనే పత్రిక పెట్టాడు, 1852లో మద్రాసు స్వదేశీ సంఘం స్థాపించి శిస్తు బాధల గురించి బ్రిటిష్ పార్లమెంటుకు అర్జీ పంపాడు. డాన్బీ సీమూర్ అనే పార్లమెంటు సభ్యుడు 1853లో చూడటానికి వస్తే, జిల్లాల్లోకి వెంటబెట్టుకుపోయి రైతుల చేతులూ వీపులూ చూపించాడు. 1854లో సీమూర్ లండన్ సభలో లేచి ఆ మాట చెప్పాడు. కంపెనీ తరఫువాళ్లు మొదట నమ్మలేదు. చివరికి మద్రాసులో విచారణ సంఘం వేయక తప్పలేదు. ఇలియట్, స్టోక్స్, జాన్ బ్రూస్ నార్టన్ సభ్యులు. మూడు నెలలు గడువిచ్చారు. రైళ్లు లేని రోజులు, ఫిర్యాదు చేసినవాడు తిరిగి అదే తహసీల్దారు కిందికి పోవాల్సిన రోజులు. అయినా 1,959 ఫిర్యాదులొచ్చాయి. వాటిలో 519 మంది స్వయంగా నడిచొచ్చి చెప్పుకున్నవాళ్లు.

1855లో వచ్చిన నివేదిక చిత్రహింస ఉందని, శిస్తుకోసమూ నేర విచారణలోనూ మామూలుగా వాడుతున్నారని ఒప్పుకుంది. అంతవరకు గొప్ప సంగతే. తన అధికారుల మీద తనే ఇలాంటి కాగితం రాసుకున్న ప్రభుత్వాలు అరుదు. ఆ తర్వాతి భాగం మాత్రం జాగ్రత్తగా చదవాలి. ఈ పాపమంతా కింది దేశీయ ఉద్యోగులదని, జనం మొరపెట్టుకునేది తమ సాటివాళ్ల మీదే గానీ తెల్లదొరల మీద కాదని తేల్చింది. లండన్‌లో ఉన్న కార్ల్ మార్క్స్ 1857లో న్యూయార్కు పత్రిక ఒకదానికి రాస్తూ ఈ సమర్థనను పట్టుకున్నాడు. నివేదికలోని సాక్ష్యాలే చూపించి, శిస్తు మొత్తం నిర్ణయించిందెవరు, ఫిర్యాదులు వస్తే తోసేసిందెవరు అని నిలదీశాడు.

మార్క్స్ పేరు చెబితే మొహం చిట్లించేవాళ్లకు కూడా ఆ ప్రశ్న అర్థమవుతుంది. బంట్రోతు రాయి పెట్టాడు, నిజమే. రాయి పెట్టకుండా అంత శిస్తు రాదని కలెక్టరుకు తెలుసు, పైనున్న రెవెన్యూ బోర్డుకు తెలుసు. తెలియనట్టుండటానికి వాళ్లకు కావలసింది కొంచెం దూరం, కొంచెం దేశీయ ఉద్యోగుల దుర్మార్గం అనే మాట. పాళెగాడి విషయంలో నవాబు చేసింది ఇదే కదా? పైకం తీసుకున్నాడు, అది వచ్చిన దారి అడగలేదు. సినిమాలో సామ్రాజ్యం సందులోని ముఠాను ఎందుకు అణచదంటే అందుకే. ముఠా చేసే పని ఎవరో ఒకరు చేయాలి, తన పేరు మీద కాకపోతే చాలు.

నివేదిక వల్ల ఒక మేలు జరిగింది. 1859లో మద్రాసు పోలీసు చట్టం వచ్చి రెవెన్యూ నుంచి పోలీసును విడదీసింది. విలియం రాబిన్‌సన్ కింద కొత్త పోలీసు శాఖ ఏర్పడింది. ఇవాళ మన స్టేషన్ల మూలం అక్కడుంది. తహసీల్దారు చేతిలోంచి లాఠీ పోయింది. స్టేషన్లలో దెబ్బలు పోయాయని ఎవరూ అనలేరు గానీ, శిస్తు బాకీకి రైతును ఎండలో వంచి నిలబెట్టడం అనే పద్ధతి నెమ్మదిగా అంతరించింది. లక్ష్మీనరసు చెట్టి ఆస్తంతా ఈ పనులకే ఊడ్చిపెట్టి 1868లో పేదవాడిగా చనిపోయాడు. మద్రాసులో ఉన్న తెలుగువాళ్లలో కూడా ఆయన పేరు తెలిసినవాళ్లు ఇప్పుడు కొద్దిమందే.

దొంగ ఎవరో తేల్చే అధికారం మాత్రం సర్కారు చేతిలోనే ఉండిపోయింది. గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పూ ధాన్యమూ వేసుకుని తీరం నుంచి సీమ పల్లెల దాకా తిరిగిన యెరుకలవాళ్ల సంగతి చూడండి. ఉప్పు మీద ప్రభుత్వ గుత్తాధిపత్యం వాళ్ల సరుకును పట్టుకుంది. మద్రాసు రైలు 1871కల్లా ఆదోని మీదుగా రాయచూరు చేరి వాళ్ల బాటను పట్టుకుంది. 1876 నుంచి మూడేళ్ల కరువు మిగిలిన పశువుల్ని తినేసింది. పనిలేక ఊళ్ల చుట్టూ తిరిగేవాళ్ల మీద అనుమానం పెరిగింది. 1911లో మద్రాసు రాజధానికి వర్తించిన నేరజాతుల చట్టం వీళ్లలో చాలామందిని పుట్టుకతోనే నేరస్థులుగా రాసుకుంది. వేలిముద్రలు, హాజరు పట్టీ, ఊరు దాటాలంటే చీటీ. సెటిల్‌మెంట్లు వెలిశాయి. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం అందరికీ తెలిసినది, అప్పటి కర్నూలు జిల్లాలో ఆత్మకూరు వైపు సిద్ధాపురం అలాంటిదే. ఉప్పు ధర పెంచి, బాట మూసి, బతుకుదారి తీసేసిన రాజ్యమే వాళ్ల పేర్లు దొంగల పుస్తకంలో రాసుకుని రోజూ హాజరు పలికించింది. స్వాతంత్ర్యం వచ్చిన ఐదేళ్లకు, 1952లో ఆ చట్టం రద్దయింది. రద్దయిన మర్నాడు ఆ పుస్తకంలో పేర్లున్నవాళ్లకు ఉప్పు మూటలూ తిరిగి రాలేదు, గాడిదలూ తిరిగి రాలేదు. ‘మాజీ నేరజాతులు’ అన్న కొత్త పేరు మాత్రం వచ్చింది.